క్లిఫ్స్ ఆఫ్ మోహర్ కింద పడవలో ఒక గంట: నా అనుభవం

ఐర్లండ్ పశ్చిమ తీరంలో, క్లేర్ కౌంటీలో ఉన్న క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌ను పైనుంచి చూసివచ్చిన తెలుగువారు ఇక్కడ చాలామందే ఉన్నారు. అవే కొండలను కింద సముద్రంలోంచి చూపించే పడవలు డూలిన్ అనే చిన్న ఊరి జెట్టీ నుంచి బయలుదేరతాయి. ప్రయాణం మొత్తం కలిపి దాదాపు గంట. మే చివరి వారంలో టికెట్లు కొన్నప్పటి నుంచి జూన్ 15 మధ్యాహ్నం పడవ దిగేదాకా ఆ గంట కోసం ఏమేం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడెక్కడ ఎదురుచూడవలసి వచ్చిందో వరుసగా రాస్తున్నాను. డబ్లిన్‌లో ఉంటున్న నా దగ్గరికి వేసవికి వచ్చిన అమ్మా నాన్నగార్లతో కలిసి వెళ్లాను కాబట్టి, పెద్దవాళ్లను తీసుకువెళ్లాలనుకునే వారికి ఇందులో పనికొచ్చే సంగతులు ఎక్కువగా ఉంటాయి.

టికెట్లు ఆన్‌లైన్‌లో కొన్నాను. ముగ్గురికీ కలిపి దాదాపు 80 యూరోలు అయింది. ఏ వేళ పడవ ఎక్కాలన్నది అప్పుడే తేల్చుకోవాలి. ఈ కొండలు పడమటి వైపు తిరిగి ఉంటాయి కాబట్టి పొద్దున్న పూట సూర్యుడు వాటి వెనక ఉంటాడు, శిల అంతా నీడలో నల్లగా కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటాకే ఎండ నేరుగా వాటి మీద పడి పొరలు, రంగులు విడివిడిగా తెలుస్తాయి. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆలస్యమైనా ఇబ్బంది లేదని జూన్ 14, శనివారం మధ్యాహ్నం మూడు గంటల పడవ ఎంచుకున్నాను. ఉదయం డబ్లిన్‌లో కారులో బయలుదేరి, పడవ దిగి, రాత్రికి ఇల్లు చేరాలన్నది మా ఆలోచన. వాతావరణం బాగాలేకపోతే పడవ రద్దవుతుందనీ, అలాంటప్పుడు డబ్బు వాపసు తీసుకోవచ్చు లేదా మరో రోజుకు మార్చుకోవచ్చుననీ టికెట్‌తో పాటు వచ్చిన మెయిల్‌లో స్పష్టంగా రాసి ఉంది.

వారం ముందు మందుల దుకాణానికి వెళ్లి, సముద్ర ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు అడిగాను. ప్రిస్క్రిప్షన్ అవసరం లేదు, ఖరీదు పది యూరోల లోపే. కానీ నాన్నగారు బీపీకి మందులు వాడుతున్నారని చెప్పగానే ఫార్మసిస్టు ఆ మందుల పేర్లు రాసి తెమ్మంది. ఇంటికి వెళ్లి చీటీ తెచ్చి చూపించాక ఫలానా మాత్ర వేసుకోవచ్చునని చెప్పి, పడవ ఎక్కడానికి కనీసం గంట ముందే వేసుకోవాలనీ, వేసుకున్నాక మగత రావచ్చు కాబట్టి కారు నడిపేవాళ్లు మానుకోవడం మంచిదనీ జాగ్రత్తలు చెప్పింది. కారు నడిపేది నేనే కాబట్టి నాకు మాత్ర లేదు. అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న అల్లం మురబ్బాతోనే నేను సరిపెట్టుకున్నాను.

శుక్రవారం సాయంత్రం పడవ కంపెనీ నుంచి సందేశం వచ్చింది. మరుసటి రోజు పడవలు నడిచేదీ లేనిదీ అనుమానంగా ఉందనీ, ఉదయం మళ్లీ తెలియజేస్తామనీ దాని సారాంశం. మెట్ ఎరన్, అంటే ఇక్కడి వాతావరణ శాఖ సూచన తెరిచి చూస్తే పశ్చిమాన ఆకాశం నిర్మలంగా ఉంటుందనీ, గాలి తక్కువనీ ఉంది. గాలి, దాని బలాన్ని తెలిపే బోఫర్ట్ కొలతపై 6 లేదా అంతకు మించుతుందనుకున్నప్పుడు చిన్న పడవలకు ఇచ్చే హెచ్చరిక కూడా ఏదీ లేదు. అందుచేత ధైర్యంగా శనివారం పొద్దున్న ఆరున్నరకే బయలుదేరాము. తొమ్మిది దాటిన కాసేపటికి, దారిలో వచ్చే గాల్వే నగరం ఇంకా కొంత దూరంలో ఉండగా, మూడు గంటల పడవ రద్దయినట్టు సందేశం వచ్చింది. అద్దంలోంచి చూస్తే ఎండ కాస్తోంది, ఎక్కడా మబ్బు తునక లేదు. వెనక సీట్లోంచి నాన్నగారు, "ఇంత ఎండలో పడవ నడపకపోవడమేమిటమ్మాయ్, మనుషులు సరిపోలేదేమో కనుక్కో" అన్నారు. నా మనసులోనూ అదే అనుమానం ఉంది.

డూలిన్ జెట్టీ దగ్గర టికెట్ల గదిలో ఉన్న అమ్మాయి కిటికీలోంచి చెయ్యి చాపి సముద్రాన్ని చూపించింది. గాలి లేదు, నురగలు లేవు, కానీ నీరంతా నెమ్మదిగా, పెద్ద ఎత్తున లేచి పడుతోంది. ఎక్కడో అట్లాంటిక్ నడిమధ్య రెండు రోజుల క్రితం చెలరేగిన గాలివాన పుట్టించిన అలలు, ఆ గాలివాన చల్లారిపోయాక కూడా వందల కిలోమీటర్లు ప్రయాణించి ఈ తీరానికి చేరుతున్నాయని చెప్పింది. వీటిని పడవవాళ్లు స్వెల్ అంటారు. నడి సముద్రంలో వీటితో పెద్ద ప్రమాదం లేకపోయినా, జెట్టీకి కట్టిన పడవ ఒక్కసారిగా మనిషెత్తు లేచి పడుతుంటే జనాన్ని ఎక్కించడం, దించడం కుదరదట. పదిహేను నిమిషాలు అక్కడే నిలబడి చూశాక నాన్నగారు ఇక ఆ మాట ఎత్తలేదు. ఒక అల వెనక్కి వెళ్లినప్పుడు జెట్టీ గోడ పాచితో సహా చాలా కిందిదాకా బయటపడుతోంది, తర్వాతి అలకు అదంతా మునిగిపోతోంది. ఈ తీరంలో పడవ రద్దు కావడానికి వాన కన్నా, గాలి కన్నా ఈ స్వెల్లే ముఖ్య కారణమన్న సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే, సూచనలో ఎండ గుర్తును కాక అలల ఎత్తును వెతికి ఉండేదాన్ని.

డబ్బు వాపసు కావాలంటే కార్డులోకి వచ్చేసరికి కొన్ని పనిదినాలు పడుతుందన్నారు. మరుసటి రోజుకు మార్చుకుంటే అదనంగా ఏమీ కట్టనక్కరలేదు. ఆదివారం ఫాదర్స్ డే కావడంతో మధ్యాహ్నపు పడవలన్నీ నిండిపోయాయి, పన్నెండూ ముప్పావు పడవలో మాత్రం చోటు ఉంది. అమ్మ వెనక్కి వెళ్లిపోదామంది. ఇంత దూరం వచ్చాక ఒక్క రాత్రి ఉంటే పోయేదేముందని నాన్నగారు. పోయింది 150 యూరోలు. జూన్ శనివారం నాడు డూలిన్‌లో గది దొరకడం అసాధ్యం. ఐదారు చోట్ల అడిగి, ఫోన్లు చేసి, చివరికి పక్క ఊరు లిస్డూన్‌వర్నాలో ముగ్గురికి ఒక గది సంపాదించాను. ముగ్గురి పడవ టికెట్లకు దాదాపు రెట్టింపు ఖర్చు ఆ ఒక్క రాత్రికే అయింది. మార్చుకోవడానికి దుస్తులు లేవు, నాన్నగారి రాత్రి మాత్రలు మాత్రం అదృష్టవశాత్తు అమ్మ చేతిసంచిలో ఉన్నాయి. మీరు ఒక్కరోజులో తిరిగి వచ్చేద్దామనుకున్నా సరే, ఒక పూటకు సరిపడా మందులూ ఒక జత బట్టలూ కారులో పెట్టుకోండి.

ఆ సాయంత్రం కొండల పైకి వెళ్లి అందరిలాగే ఓబ్రయన్స్ టవర్ దాకా నడిచి వచ్చాము. 1835లో ఇక్కడి జమీందారు కార్నీలియస్ ఓబ్రయన్ కట్టించిన బురుజు అది. పైనుంచి చూస్తే ఎత్తు తెలుస్తుందిగాని శిల తెలియదు. మన కాళ్ల కింద ఉన్నదాన్ని మనం ఎలా చూడగలం? ఎడమవైపు దూరంగా మలుపు తిరిగిన గోడలు మాత్రమే కనిపిస్తాయి.

ఆదివారం నిద్ర లేచేసరికి సన్నగా వాన. ఎదురుగా ఉన్న ఇళ్లు కూడా మసకగా ఉన్నాయి. ఇక రద్దు సందేశం రావడమే తరువాయి అనుకుంటూ ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటే, తొమ్మిదింటికి, పడవ యథావిధిగా నడుస్తుంది, అరగంట ముందు రండి అని సందేశం వచ్చింది. ఎండ రోజున రద్దు, వాన రోజున ప్రయాణం! అమ్మ ముందు రోజు చీరలో వచ్చింది. పడవ ఎక్కే మెట్లు చూశాక, కుచ్చిళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటే పరిస్థితేమిటని రాత్రంతా ఆలోచించి, పొద్దున్న ఊళ్లో దుకాణం తెరవగానే ఒక వాన ప్యాంటు కొనిపించింది. దానికి పాతిక యూరోలు. పదకొండున్నరకు మాత్రలు వేసుకుని, పన్నెండుకు జెట్టీ చేరుకున్నాము. పన్నెండు దాటితే కారు నిలపడానికి చోటు దొరకదని అక్కడివాళ్లు చెప్పిన మాట నిజమే.

పన్నెండూ ముప్పావు పడవ ఒకటిన్నరకు గాని కదలలేదు. ఈ పడవలు కొండలను చూపించడమే కాక ఆరన్ దీవులకు, ముఖ్యంగా అన్నింటికన్నా దగ్గరి దీవి ఇనిష్ ఒయిర్‌కు కూడా తిరుగుతుంటాయి. అక్కడి నుంచి జనాన్ని తీసుకుని రావలసిన పడవ ఆలస్యమైతే మన పడవా ఆలస్యమే. నిలబడే చోట కప్పు లేదు, కూర్చోవడానికి బల్లలు లేవు. గొడుగు తెరిస్తే గాలికి తిరగబడుతోంది. మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నగారిని ముప్పావు గంట వానలో నిలబెట్టడం నాకు ఎక్కువ బాధ కలిగించింది. వరుసలో ముందున్నవాళ్లు ఆయనను చూసి ఒక రాతి దిమ్మ మీద చోటిచ్చారు. మడత కుర్చీ ఒకటి వెంట ఉంటే బాగుండేది.

పడవ ఎక్కడమే మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. అప్పటికి నీరు బాగా తీసిపోయి ఉండటంతో పడవ జెట్టీకి చాలా కిందుగా ఉంది. పాచి పట్టిన తడి మెట్లు దిగాలి. అడుగున ఇద్దరు సిబ్బంది అటూ ఇటూ నిలబడి, ఒక్కొక్కరినీ మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణంలో "ఇప్పుడు" అంటారు. వాళ్లు అనేదాకా కాలు కదపకూడదు, అన్నాక తటపటాయించకూడదు. అమ్మ ఒక్క అడుగులో దాటేసింది. నాన్నగారు రెండు అలలు వదిలేసి మూడోదానికి దాటారు. ఎవరూ తొందరపెట్టలేదు, వెనకాల ఉన్న వందమందిలో ఒక్కరూ విసుక్కోలేదు. చేతిలో సంచి, ఫోను ఏమీ ఉండకూడదు, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి.

లోపలికి వెళ్లాక అమ్మ మొదట అడిగింది లైఫ్ జాకెట్ల గురించి. పెద్దవాళ్లెవరికీ తొడగలేదు. అవి ఎక్కడ ఉన్నాయో, అవసరమైతే ఎలా తొడుక్కోవాలో మైకులో చెప్పారు, అంతే. చిన్న మోటారు పడవల్లో జాకెట్ లేనిదే కూర్చోనివ్వని పద్ధతికి అలవాటు పడినవారికి ఇది కొంచెం భయం కలిగిస్తుంది. కింద అద్దాల గది, పైన కప్పు లేని డెక్ ఉన్నాయి. వానకు జడిసి చాలామంది కింది గదిలోకి దూరారు. మేము పైకి వెళ్లి ఎడమవైపు కమ్మీ పక్కన కూర్చున్నాము. పోయేటప్పుడు పడవ దక్షిణ దిక్కుగా సాగుతుంది కాబట్టి తీరం ఎడమ చేతివైపు ఉంటుంది. వచ్చేటప్పుడు కుడివైపు వాళ్ల వంతు, కానీ తిరుగు ప్రయాణంలో పడవ తీరానికి దూరంగా, వేగంగా వచ్చేస్తుంది. కొండల కింద ఆగినప్పుడు కెప్టెన్ పడవను నెమ్మదిగా తిప్పి రెండు వైపుల వారికీ చూపిస్తాడుగాని, నన్నడిగితే ఎడమవైపే మేలు.

మొదటి ఇరవై నిమిషాల్లో చూడవలసింది పెద్దగా లేదు. జెట్టీకి ఎదురుగా క్రాబ్ ఐలండ్ అనే రాళ్ల దిబ్బ, ఒడ్డున కొండవాలు మీద డూనగోర్ కోట గుండ్రటి బురుజు. పడమటి నుంచి వచ్చే అలలు పడవకు అడ్డంగా తగలడం వల్ల పక్కలకు ఊగిసలాట మాత్రం అప్పుడే మొదలైంది. జూన్ నెల అయినా చలి చెవుల్లో దూరుతోంది, ఉప్పునీటి తుంపరకు నాన్నగారి కళ్లజోడు రెండు నిమిషాలకోసారి తుడవవలసి వచ్చింది.

తర్వాత తీరం ఎత్తు పెరగడం మొదలైంది. పెరుగుతూనే పోయింది. ఓబ్రయన్స్ టవర్‌కు కాస్త ఉత్తరాన ఈ కొండలు 214 మీటర్ల ఎత్తుకు చేరతాయి. ఆ అంకె ముందు రోజు పైన బోర్డు మీద చదివినదే. కింద పడవలో మెడ వెనక్కి వాల్చి చూస్తున్నప్పుడు మాత్రం అంచు మీద నడుస్తున్న మనుషులు చుక్కల్లా కనిపించి, నిన్న మేము నిలబడింది అక్కడేనా అని ఒళ్లు ఝల్లుమంది. శిల నిలువునా ఉన్నా దాని పొరలన్నీ అడ్డంగానే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, నల్లటి షేల్ (బురద గట్టిపడి ఏర్పడే రాయి), దాని మీద బూడిదరంగు ఇసుకరాయి, మళ్లీ షేల్. దాదాపు 32 కోట్ల సంవత్సరాల క్రితం ఒక పెద్ద నది సముద్రంలో కలిసే చోట పేరుకున్న బురద, ఇసుక ఇలా గట్టిపడ్డాయని మైకులో చెబుతున్నారు. డెల్టా కాలువల మీద ఉద్యోగమంతా గడిపిన నాన్నగారికి ఆ మాట చెవిన పడగానే మోకాళ్ల నొప్పి మరుపుకొచ్చింది. కమ్మీ పట్టుకుని లేచి నిలబడి, "ఇది ఒండ్రేనమ్మాయ్, ఏ వరదకు ఎంత మేట వేసిందో లెక్కపెట్టవచ్చు" అంటూ వేలితో పొరలు చూపించడం మొదలుపెట్టారు. మెత్తటి షేల్ త్వరగా అరిగిపోయి లోపలికి పోతుంది, గట్టి ఇసుకరాయి అరుగుల్లా ముందుకు పొడుచుకుని ఉంటుంది. పక్షులన్నీ ఆ అరుగుల మీదే.

పక్షులకన్నా ముందు వాటి వాసన వచ్చింది. దీని గురించి ఎవరూ రాయరెందుకో! వేల పక్షులు నెలల తరబడి కాపురముండే గోడ కిందికి చేరగానే, కుళ్లిన చేపల వాసన లాంటిది గుప్పుమని ముఖానికి కొట్టింది. దానితో పాటే చెవులు హోరెత్తించే అరుపులు. గిల్లెమాట్లు, రేజర్‌బిల్లులు, కిట్టివేక్‌లు వరుసల మీద వరుసలు కూర్చుని ఉన్నాయి. గిల్లెమాట్ గూడు కట్టదు, ఒట్టి రాతి మీదే ఒక గుడ్డు పెడుతుంది. పిల్లకు దాదాపు మూడు వారాలు నిండగానే, ఇంకా ఎగరడం రాకముందే, తండ్రి పక్షి కింద నీళ్ల మీద నుంచి పిలుస్తుంటే ఆ ఎత్తు నుంచి దూకేస్తుందట. ఫాదర్స్ డే నాడు ఈ సంగతి చెప్పే అవకాశం వదులుకోని వ్యాఖ్యాత రెండుసార్లు చెప్పాడు. నేను అమ్మకు తెలుగులో చెబితే, "తండ్రి పిలిస్తే దూకుతుందేమోగాని తల్లయితే అలా పిలవదు" అంది.

పఫిన్ల విషయంలో కొంచెం నిరాశ తప్పలేదు. రంగుల ముక్కుతో ఫొటోల్లో నిండుగా కనిపించే ఆ పక్షి నిజానికి పావురమంత కూడా ఉండదు. గోట్ ఐలండ్ అనే గడ్డి మొన దగ్గర వాటి స్థావరం ఉంది. వ్యాఖ్యాత చెయ్యి చూపించిన వైపు నీళ్ల మీద మూడు నల్లటి ఉండలు కనిపించాయి, మేము తేరుకునేలోపు చిట్టి రెక్కలు టపటపలాడిస్తూ వెళ్లిపోయాయి. బైనాక్యులర్ లేకుండా వాటి కోసమే వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. జూలై తర్వాత వెళితే అవి కూడా ఉండవు, సముద్రంలోకి తరలిపోతాయి.

ఓబ్రయన్స్ టవర్‌కు కింద బ్రనాన్ మోర్ అనే ఒంటరి రాతి స్తంభం నీళ్లలోంచి లేచి ఉంటుంది. ఎత్తు 67 మీటర్లు. పైనుంచి చూసినప్పుడు అదొక చిన్న రాయి. దాని పక్కనే ఇంజిను వేగం తగ్గించి పది నిమిషాలు పడవను నిలిపారు. చూడటానికి అన్నిటికన్నా మంచి సమయం అదే, ఒంటికి అన్నిటికన్నా పరీక్ష కూడా అదే. వస్తున్న అలలు, కొండకు కొట్టుకుని వెనక్కి మళ్లిన అలలు ఒకదానితో ఒకటి కలిసి, పడవ ఏ వైపు ఊగుతుందో అంతుపట్టకుండా పోయింది. అమ్మ ముఖం తెల్లబడింది. కింది గదిలో ఉన్నవాళ్లలో అప్పటికే కొందరు కాగితపు సంచులు పట్టుకున్నారు. సిబ్బందిలో ఒకబ్బాయి వచ్చి అమ్మను పడవ వెనక భాగానికి తీసుకువెళ్లి నిలబెట్టి, కొండను కాదు, దూరంగా ఆకాశం నీళ్లు కలిసే గీతను చూడమన్నాడు. ముందు భాగం కన్నా వెనక ఊపు తక్కువట. ఐదు నిమిషాల్లో ఆమె తేరుకుంది. వాంతి కాలేదు గాని, బ్రనాన్ మోర్‌ను ఆమె వీపు వెనకే ఉంచుకుంది.

ఇంకొక చిన్న సంగతి. గాలి హోరులో, ఇంజిను మోతలో, స్థానిక యాసలో సాగే ఆ వ్యాఖ్యానం అమ్మా నాన్నగార్లకు సగం కూడా అందలేదు. ప్రతి వాక్యం నేను తెలుగులో చెబుతూ కూర్చోవడంతో, నేను చూడవలసినవి కొన్ని దాటిపోయాయి. ముందు రోజు రాత్రి గదిలో ఖాళీగా కూర్చున్నప్పుడే ఈ కథంతా చెప్పి ఉంచితే పోయేది.

తిరుగు ప్రయాణం పావుగంటలో ముగిసింది. దిగేటప్పుడు నీరు కొంచెం పెరగడం వల్ల మెట్లు తగ్గాయి, నాన్నగారు ఒక్క అలకే దాటేశారు. రెండూ నలభైకి జెట్టీ మీద ఉన్నాము. అమ్మ అక్కడే అరగంట కూర్చుని వేడి టీ తాగాక గాని కారు ఎక్కలేదు. ఈలోగా నాన్నగారు టికెట్ల గది దగ్గరికి వెళ్లి ఇనిష్ ఒయిర్ దీవికి పడవ వేళలు రాసుకుని వచ్చారు. "మీరిద్దరూ వెళ్లి రండి, నేను ఒడ్డున కూర్చుని చూస్తాను" అని అమ్మ అప్పుడే తేల్చి చెప్పేసింది. జూలై మొదటి వారంలో ఒక మంగళవారానికి రెండు టికెట్లు కొన్నాను, ముందు రోజు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదిని డూలిన్‌లోనే రెండు రాత్రులకు పట్టి పెట్టాను.